నలభై నిమిషాల ఊరికి తొమ్మిది గంటల బస్సు

పదకొండేళ్లపాటు, నెలకు రెండేసి రోజులు, ఆమె పేరుకు ఎదురుగా పనికి రాలేదని రాశారు. ఆ రెండు రోజులూ ఆమె పనికే బయలుదేరింది. పొద్దున పదింటిదాకా ఒక విమానాశ్రయంలో చక్రాల కుర్చీ తోసి, చేతులు కడుక్కుని, సంచీ భుజాన వేసుకుని, కంపెనీ పొమ్మన్న రెండో విమానాశ్రయానికి కంపెనీ చెప్పిన తేదీనే వెళ్లింది. తొమ్మిది గంటలు బస్సులో కూర్చుంది. దిగి, నడుం పట్టుకుని, తిన్నగా గేటు దగ్గరికి పోయి నిలబడింది. అయినా రాలేదనే రాశారు. ఆమె కిక్కురుమనలేదు. ఎందుకు అనలేదో వింటే మీకు నవ్వొస్తుంది. నవ్వాక కాస్త సిగ్గు కూడా వేస్తే మంచిది.

ఆమెను అందరూ కుర్చీ అక్క అంటారు. డెబ్బై దాటిన పెద్దమనుషులు కూడా ‘కుర్చీ అక్కా, ఇటు’ అనే పిలుస్తారు. ఆమెకు నలభై మూడేళ్లు.

కుర్చీ తోయడమంటే ఊరికే తోసుకుపోవడం అనుకుంటారు జనం. వాలు దిగేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి, తాను వెనక్కి నడుస్తూ దించాలి. లేకపోతే మనిషి ముందుకు జారిపోతాడు. గడప వస్తే వెనక కడ్డీని కాలితో తొక్కి ముందు చక్రాలు లేపాలి. మనిషి లేచేముందు బ్రేకు వేయాలి, ఆ తర్వాత పాదాల పలకలు మడవాలి. ఈ వరస తప్పితే పెద్దాయన ముక్కు నేలకు తగులుతుంది. చిన్న విమానానికి మెట్లే గతి కాబట్టి, బొత్తిగా నడవలేనివాళ్లను ఇద్దరు కలిసి కుర్చీతో సహా ఎత్తి పైకి చేర్చాలి. విమానం గుమ్మందాకా ఆమె కొన్ని వేలసార్లు వెళ్లింది. లోపల మొదటి వరసలో మనిషిని కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, ‘జాగ్రత్తండీ’ అని చెప్పి దిగిపోయింది. అది ఎగిరాక లోపల ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు.

కుర్చీ అడిగేవాళ్లలో సగం మంది నిజంగా నడవలేనివాళ్లు. మిగతా సగం వరసలో నిలబడలేనివాళ్లు. తనిఖీ గుమ్మం దాటగానే చటుక్కున లేచి, పుస్తకాల కొట్టువైపు చకచకా నడిచిపోయేవాళ్లను ఆమె రోజూ చూస్తూనే ఉంటుంది. “మన కుర్చీకి మహిమ ఉందర్రా. పెద్దపెద్ద డాక్టర్లు కుదర్చలేని కాళ్లు ఇక్కడ పది నిమిషాల్లో కుదురుతున్నాయి,” అంటుంది తోటివాళ్లతో. నడవగలిగినవాళ్లను కూర్చోబెట్టి తోసే ఈ మనిషికి ఎగిరే యోగం లేదు. సరే, అది ఆమె అడగనూ లేదు.

ఆమె పనిచేసేది కొండలకు ఇవతలి ఊళ్లో పదిహేను రోజులు, అవతలి ఊళ్లో పదిహేను రోజులు. రెండు ఊళ్లకూ చెరో చిన్న విమానాశ్రయం, రెంటికీ మనుషుల్ని సరఫరా చేసే కంపెనీ ఒక్కటే. ఒకేచోట ఏడాదిపాటు ఆపకుండా పనిచేస్తే మనిషికి కొన్ని హక్కులు వస్తాయని ఎవరో ఆ కంపెనీ చెవిలో వేశారు. మొక్కను కదపకుండా ఉంచితే వేళ్లు దిగుతాయి కదా. అందుకని పదిహేను రోజులకోసారి పీకి పక్క కుండీలో పెట్టడం మొదలుపెట్టారు. మొత్తం ముప్పై తొమ్మిది మొక్కలు.

ఇంతవరకూ ఇతర కంపెనీలు కూడా చేసేవే. వీళ్ల తెలివి పట్టికలో ఉంది. ఒకటో తేదీన, పదహారో తేదీన, అంటే ఊరు మారే రోజున, పట్టిక ఇలా ఉంటుంది: ఉదయం పది వరకు ఇవతల పని. మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి ఎనిమిది వరకు అవతల పని. మధ్యలో రెండు గంటలు. అందులో ప్రయాణం నలభై నిమిషాలు. మిగిలిన గంటా ఇరవై నిమిషాలకు ఎదురుగా ‘విశ్రాంతి’ అని అచ్చేసి ఉంటుంది. పనివాళ్లంటే అంత దయ.

ఈ నలభై నిమిషాలు ఎక్కడినుంచి ఊడిపడ్డాయంటే, పెద్దాఫీసులో పట్టిక తయారుచేసిన మనిషి రెండు విమానాశ్రయాల మధ్య దూరమెంత, ఎంతసేపు పడుతుంది అని కంప్యూటర్ని అడిగాడు. విమానాశ్రయాల సంగతి అడిగితే అది విమానాల భాషలోనే చెబుతుంది. నూట డెబ్బై కిలోమీటర్లు, నలభై నిమిషాలు అంది. కంప్యూటర్ తప్పేం లేదు. మనం కాకి లెక్కలు అని ఊరికే అంటుంటాం గానీ, కాకి ఎగిరితే ఎంతో అంతే దూరాన్ని మనిషికి కూడా రాసిపెట్టిన అసలు సిసలు కాకి లెక్క ఇదొక్కటే. నేలమీద పోయే బస్సు మాత్రం కొండల్ని చుట్టుకుని మూడొందల పది కిలోమీటర్లు తిరగాలి. ముప్పై నాలుగు మలుపుల ఘాట్ రోడ్డు, ఒకసారికి ఒక్క బండే పట్టే వంతెన, రైలు గేటు, గేటు పడ్డప్పుడు డ్రైవరు టీ. పదిన్నరకు ఎక్కితే సాయంత్రం ఏడున్నరకు దిగుతారు. ఎనిమిదికల్లా ఆ పూట పని అయిపోతుంది. మిగిలిన అరగంటకు హాజరు వేయరు.

వేయకపోగా, ఆ గడిలో ‘ప.లే.’ అని రాస్తారు.

హాజరు పట్టిక గోడకు తగిలించి ఉంటుంది. వచ్చినవాళ్లకు ‘హా’, సెలవు పెట్టినవాళ్లకు ‘సె’. ఊరు మారే రోజున మాత్రం ‘ప.లే.’ మొదటిసారి అది చూసినప్పుడు కుర్చీ అక్క కంగారుగా ఆ గడిమీద వేలు పెట్టి చూసింది. అక్కడే నేల తుడుస్తున్న ఆవిడ, ఆమెకన్నా రెండేళ్లు పాతది, కర్ర గోడకు ఆనించి వచ్చి ధైర్యం చెప్పింది.

“అయ్యో, దానికే అంత కంగారా? ప.లే. అంటే పర్లేదు అని. నువ్వు బస్సులో ఉన్నావని వాళ్లకి తెలీదా ఏంటి? పోన్లే, పర్లేదు అని రాశారు.”

“నిజంగానా?”

“నాకు రెండేళ్ల నుంచీ పర్లేదే. ఏమన్నా అయిందా? చూడు, నిక్షేపంలా ఉన్నా.”

జీతం పదిహేను రోజులకింతని గంపగుత్తగా ఇచ్చేవారు కాబట్టి కోత ఉందో లేదో కనిపించేది కాదు. కుర్చీ అక్క నమ్మింది. తన తర్వాత చేరినవాళ్లకు తనే చెప్పింది. అలా ముప్పై తొమ్మిది మందీ నమ్మారు. పట్టిక రాసే గుమాస్తాను వాళ్లు పట్టికాయన అంటారు. ఆయన ఎదురుపడితే ఆమె ప్రత్యేకంగా ఆగి నమస్కారం పెట్టేది. నెలకు రెండుసార్లు తనను క్షమిస్తున్న మనిషి మరి. ఆయనా తల పంకించేవాడు. ఎందుకు పెడుతోందో ఆయనకు తెలియదు. పెద్ద ఉద్యోగులకు నమస్కారాలు ఎందుకొస్తాయో తెలియకపోవడం మామూలే.

ఇది చదువు లేక చేసిన పొరపాటు అనుకోకండి. ఆమె పదో తరగతి పాసైన మనిషి, కూడికలు తీసివేతలు నోటితో చేస్తుంది. పైవాళ్లు మన గురించి మనసులో ఏదో మంచే అనుకుంటూ ఉంటారని నమ్మే అలవాటుంది చూశారూ, దానివల్ల వచ్చిన పొరపాటు. ఆ అలవాటు లేనివాళ్లు ఎవరైనా ఉంటే ముందుకొచ్చి ఆమెను వెక్కిరించండి.

ఇవతలి ఊళ్లో ఆమె ఇల్లు రెండు గదులు. ముందుగదిలో కిటికీ పక్కన కుట్టు మిషను. భర్త దర్జీ. గట్టి పనివాడు, అంతకన్నా గట్టి నోరు. నాలుగేళ్లుగా ఆయనకు చూపు తగ్గుతోంది. మిషను తొక్కగలడు, చేత్తో తడిమి కుట్టు తిన్నగా పోతోందో లేదో చెప్పగలడు, సూదిలోకి దారం మాత్రం ఎక్కించలేడు. అందుకని ఆమె వెళ్లే ముందురోజు కూర్చుని పదిహేను రోజులకు సరిపడా సూదులకు దారం ఎక్కించి, నల్లదారం ఒక దిండుకు, తెల్లదారం ఒక దిండుకు గుచ్చిపెట్టి పోతుంది. పన్నెండో రోజుకే సూదులు అయిపోతే ఆయన వీధిలో పోయేవాళ్లను పిలిచి దారం ఎక్కించమని అడగాలి. దర్జీకి అంతకు మించిన తలవంపులు లేవు. ఈ మధ్య కత్తెర కూడా గీత తప్పుతోంది. డాక్టరు, ఒంటరిగా వదలొద్దు అన్నాడు. వదలకపోతే పదిహేను రోజుల ఉద్యోగం పోతుంది. అవతలి ఊళ్లో ఆమె ఉండేది సరుకుల షెడ్డు వెనక, నలుగురికి రెండు మంచాలున్న గదిలో. అక్కడికి ఆయన్ని తీసుకుపోయే వీల్లేదు.

అందుకే ఆ మధ్య విమానాశ్రయంవాళ్లు ఒక కాగితం అంటించినప్పుడు ఆమె దాన్ని మూడుసార్లు చదివింది. పదేళ్లు నిండిన కంపెనీ మనుషుల్ని కొందరిని నేరుగా ఉద్యోగంలోకి తీసుకుంటారట. పర్మినెంటు. పర్మినెంటు వాళ్లు ఊరు మారరు. షరతు ఒక్కటే: ఏ ఏడాదిలోనూ పన్నెండుకు మించి గైర్హాజరు ఉండకూడదు.

ఆమె దరఖాస్తు పట్టుకుని పట్టికాయన గదికి వెళ్లింది. ఆయన పాత పుస్తకాలు తీసి, కళ్లద్దాలు సర్దుకుని, వేలితో గడులు లెక్కపెట్టుకుంటూ పోయాడు. చివరికి తలెత్తాడు.

“ఏమ్మా, నీకెలా కుదురుతుంది? ఏడాదికి ఇరవై నాలుగున్నాయి. పదకొండేళ్లకి రెండొందల అరవై నాలుగు.”

“ఏంటి సార్ ఇరవై నాలుగు?”

“ప.లే.లు.”

“అవి ఎక్కువుంటే మంచిదే కదా సార్!”

“మంచిదా?”

“మరి పర్లేదు అన్నట్టే కదండీ.”

పట్టికాయన మొదట అర్థం కాక చూశాడు. అర్థమయ్యాక నవ్వడం మొదలుపెట్టాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ నవ్వాడు. పక్క గదిలోంచి ఇద్దరిని పిలిచి వాళ్లకూ చెప్పి, వాళ్లతో కలిసి ఇంకోసారి నవ్వాడు. “పర్లేదట! వినండి. ప.లే. అంటే పర్లేదట! అమ్మా తల్లీ, ప.లే. అంటే పనికి లేరు. పనికి... లేరు!”

ఆమె వాళ్ల నవ్వు అయిపోయేదాకా నిలబడింది. తర్వాత అడిగింది.

“పనికి లేకపోతే ఎక్కడున్నాం సార్?”

“అది మా పుస్తకంలో ఉండదు. పన్నెండింటికి రావాలి, రాలేదు. అంతే.”

“బస్సు ఏడున్నరకి వస్తుంది కదండీ.”

“బస్సు సంగతి ఎవరడిగారమ్మా? ప్రయాణం నలభై నిమిషాలని ఇక్కడ అచ్చులో ఉంది. నీకు గంటా ఇరవై నిమిషాలు విశ్రాంతి కూడా ఇచ్చాం.”

ఆ మధ్యాహ్నం ఆమె ముందుగా తుడుపు ఆవిడ దగ్గరికి వెళ్లి సంగతి చెప్పింది. ఆవిడ బకెట్ బోర్లించి దానిమీద కూలబడింది. “అయితే నేను పదమూడేళ్లుగా నిక్షేపంలా లేనన్నమాట,” అంది.

ఇంటికి వచ్చి చెబితే దర్జీ మిషను ఆపాడు. మెడలోని టేపు తీసి గాల్లో ఊపాడు.

“దీనికి ఒకవైపు అంగుళాలు, ఇంకోవైపు సెంటీమీటర్లు. నడుముకి ఒకటీ కాలికి ఇంకోటీ పెట్టి ప్యాంటు కుడితే ఏమవుతుంది?”

“వేసుకున్నవాడు ఇంట్లోనే కూర్చుంటాడు.”

“కాదు, కంపెనీ పెడతాడు. కాగితం తే. నేను చెబుతా, నువ్వు రాయి.”

“ఏమని రాయాలండీ?”

“నలభై నిమిషాల్లో చేరమన్నారు, చిత్తం. దయచేసి నలభై నిమిషాల్లో చేర్చే బండి ఎక్కించండి. మేం తోసుకుంటూ గుమ్మందాకా వెళ్లే బండే, ఇంకో రెండడుగులు లోపలికి రానిస్తే చాలు. ఖాళీ సీట్లు రోజూ ఉంటున్నాయి. ఇట్లు.”

“కోపం వస్తుందేమో వాళ్లకి.”

“రానీవే. ఇన్నాళ్లూ కోపం రాకుండానే కదా ఇంత చేశారు.”

జవాబు రెండు నెలలకు వచ్చింది. అందులో రెండే అంశాలు. ఒకటి: మీ తరగతి ఉద్యోగులకు విమాన ప్రయాణానికి అర్హత లేదు. రెండు: ప్రయాణ సమయం విమానం ప్రకారమే లెక్కించబడును, పై అంశానికి దీనికి సంబంధం లేదు. కింద సంతకం, ముద్ర, తేదీ. ‘పై అంశానికి దీనికి సంబంధం లేదు’ అన్న మాట రాసిన మనిషి ఎంత హాయిగా నిద్రపోతాడో ఊహించుకోండి. ఆ ఉత్తరం దర్జీ ఆమెచేత నాలుగుసార్లు చదివించుకుని విన్నాడు. “బాగా కుట్టారు. ఒక్క కుట్టు కూడా బయటికి కనబడదు,” అన్నాడు.

ఆమె ఈసారి ఊరుకోలేదు. మళ్లీ రాసింది. ముప్పై ఎనిమిది మంది సంతకాలు కూడా పెట్టించింది. దాంతో కంపెనీ విచారణ వేసింది. ఎవరిమీదంటే, ఆమెమీద. విషయం: అదే పనిగా గైర్హాజరు కావడం. ఇందులో మచ్చపడితే దరఖాస్తు చెత్తబుట్టకే.

విచారణాధికారి కూర్చునే గది ఇవతలి విమానాశ్రయంలోనే, ఆమె కుర్చీలు వరసగా పెట్టే చోటికి సరిగ్గా పైన ఉంది. పద్దెనిమిది మెట్లు ఎక్కితే చాలు. కానీ పదకొండేళ్ల కిందట ఆమె నియామక కాగితంమీద పడ్డ ముద్ర అవతలి ఊరిది. కాబట్టి విచారణ అవతలే జరగాలని రూలు. పై అంతస్తు మనిషీ కింది అంతస్తు మనిషీ ఒకరినొకరు కలుసుకోవడానికి కొండలు దాటి పోవాలి. ఉదయం పదకొండింటికి.

ఆమె ముందురోజే పదిన్నర బస్సెక్కింది. ఏడున్నరకు దిగి, షెడ్డు వెనక గదిలో పడుకుని, తెల్లారి ఉతికిన చీర కట్టుకుని పదింటికల్లా వెళ్లి గది బయట బల్లమీద కూర్చుంది. విచారణకు బయలుదేరిన రోజుకొకటి, విచారణ రోజుకొకటి, ఇవతలి పుస్తకంలో ఆమెకు మరో రెండు ప.లే.లు పడ్డాయి. పాత రెండొందల అరవై నాలుగు మీద, ఈలోపు ఊరు మారినప్పుడల్లా పడ్డవాటి మీద, ఇవి అదనం.

పదకొండయింది. ఎవరూ రాలేదు. పన్నెండయింది. ఒకటయింది. బల్లకు ఎదురుగా గోడ గడియారం, దాని కింద ‘సమయపాలన మా ఊపిరి’ అని బోర్డు. ఆమె డబ్బా తెరిచి తిని, చేయి కడుక్కుని వచ్చి మళ్లీ కూర్చుంది. మూడూ పదికి తలుపు తోసుకుని విచారణాధికారి వచ్చాడు. వెనక ఫైళ్లు మోసుకుంటూ పట్టికాయన. ఇద్దరి ముఖాలూ పిండేసిన గుడ్డల్లా ఉన్నాయి.

“చాలాసేపైందా అమ్మా?” అన్నాడు అధికారి. పాపం, మనిషి చెడ్డవాడు కాదు. చెడ్డవాళ్లయితే మనకు కథ తేలికయ్యేది.

“పదింటి నుంచి ఉన్నానండీ. మీకు ఇబ్బందైనట్టుంది.”

“అడక్కు. పొద్దున ఆరున్నరకే చేరాం విమానాశ్రయానికి. ఎనిమిదింటికి ఎగరాలి. ఇక్కడ మంచు అన్నారు. ఎక్కించారు, దింపారు, మళ్లీ ఎక్కించారు. ఇక్కడికొచ్చాక రన్‌వే కనబడక మూడు చుట్లు. నా నడుం పోయింది.”

ఆమె లోపల లోపలే లెక్క వేసుకుంది. ఆరున్నర నుంచి మూడూ పది. తొమ్మిది గంటలకు ఇరవై నిమిషాలు తక్కువ.

విచారణ మొదలైంది. అధికారి పట్టిక ముందు పెట్టుకున్నాడు. “ఇవతలి నుంచి అవతలికి నలభై నిమిషాలే కదా. నువ్వు పన్నెండింటికి ఎందుకు చేరలేకపోతున్నావు?”

“మరి మీరెంతసేపట్లో వచ్చారండీ?”

“నేనా?” ఆయన అలవాటు మీద జవాబు చెప్పేశాడు. “నలభై నిమిషాలే. చుట్లు తిరిగింది కలిపితే గంట.”

“ఆరున్నర నుంచి అన్నారు కదా సార్.”

“అదంతా కిందే కదమ్మా. నేలమీద గడిపింది ప్రయాణంలోకి రాదు.”

“మాదంతా నేలమీదేనండీ,” అంది కుర్చీ అక్క.

పట్టికాయన దగ్గాడు. ఆమె ఆయనవైపు తిరిగింది.

“పొద్దున్నుంచి మీరు నేలమీద కూర్చున్నదానికి పుస్తకంలో ఏం రాస్తారు సార్?”

“ఆన్ డ్యూటీ,” అన్నాడాయన, చాలా చిన్నగా. ఆ రోజు నవ్వలేదు.

అధికారి గొంతు సవరించుకుని, బస్సుకు తొమ్మిది గంటలు పడుతుందనడానికి ఆధారం ఏదన్నాడు. ఆమె సంచీలోంచి టికెట్ల కట్ట తీసింది. ఈ ఏడాదివన్నీ ఉన్నాయి, రబ్బరు బ్యాండు వేసి. ఆయన ఒకటి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

“ఇందులో ఎక్కిన టైం ఉంది. పదీ ముప్పై. దిగిన టైం ఏదీ?”

“టికెట్టు మీద దిగింది వేయరు కదండీ.”

“అదే నేనూ అంటున్నాను. ఎక్కినట్టు ఆధారం ఉంది. దిగినట్టు లేదు.”

“దిగకపోతే మీ ముందు ఎలా కూర్చున్నాను బాబూ?”

“కూర్చున్నావు, నేను కాదనను. ఎన్నింటికి దిగావన్నది కాగితం మీద లేదు.”

చివర్లో విచారణ పత్రం సంతకానికి ముందు పెట్టారు. పైన టైపు చేసి ఉంది: విచారణ ఉదయం పదకొండు గంటలకు ప్రారంభమైనది. పదకొండేళ్లలో ఆమె ముందు ఎన్నో కాగితాలు పెట్టారు, చూపించిన చోటల్లా సంతకం పెట్టింది. ఈసారి పెన్ను పట్టుకుని ఆగింది. పదకొండు అన్న మాట పక్కన ఖాళీ చూసుకుని, గుండ్రటి అక్షరాలతో ‘మూడూ పది’ అని రాసి, అప్పుడు సంతకం పెట్టింది.

“ఏంటమ్మా ఇది! అచ్చు కాగితం పాడుచేశావు.”

“గడియారం చూసే రాశానండీ.”

ఆయన ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. దాన్ని ఫైల్లో పెడితే తాను ఆలస్యంగా వచ్చినట్టు, చింపితే ఆమె సంతకం పోయినట్టు. తేలక, విచారణ వాయిదా వేశాడు. వచ్చే నెల ఇరవయ్యో తేదీలోగా ఆమె సాక్ష్యం తేవాలి. ఆ బస్సులో ప్రయాణించి, కంపెనీకి ఏ సంబంధమూ లేని ఇరవై మంది, ఎన్నింటికి ఎక్కారో ఎన్నింటికి దిగారో తమ చేత్తో రాసి సంతకం పెట్టాలి. తెస్తే పట్టికలో నలభై నిమిషాలు మారుస్తారు. మారితే ముప్పై తొమ్మిది మంది ప.లే.లూ కొట్టివేస్తారు. తేకపోతే మచ్చ ఖాయం, దర్జీ ఒంటరితనమూ ఖాయం.

ఇరవై మంది ఎంతసేపు అనుకుంటాం. కుర్చీ అక్క మొదట కండక్టరును అడిగింది. వాళ్లది ఏళ్ల పరిచయం.

“దిగిన టైం రాసి సంతకం పెట్టు తమ్ముడూ.”

“నా కొంప ముంచుతావా అక్కా? మా పుస్తకంలో ఈ బస్సు ఐదున్నరకే చేరిపోతోంది. ఏడున్నరని నేను రాస్తే ఆ రెండు గంటలూ నేను తాగేసినట్టే లెక్క.”

“మరి రోజూ ఏం రాస్తున్నావు?”

“ఐదున్నర. రైలు గేటు దగ్గరున్నప్పుడు రాసేస్తా.”

ప్రయాణికులను అడిగితే, ఎక్కేటప్పుడు ‘దిగేటప్పుడు రాస్తాలేమ్మా’ అంటారు. దిగేటప్పుడు సామాను, పిల్లలు, ఆటో. తొమ్మిది గంటలు కూర్చున్న మనిషి ఇంకో నిమిషం నిలబడి రాయమంటే చిరాకు పడడం సహజమే. కొందరికి సంతకమంటే భయం. ఒకాయన మాత్రం ఊరంతటికీ న్యాయం చెప్పేవాడిలా, “అంత దూరం ఉద్యోగం ఎవరు చేయమన్నారమ్మా?” అని అడిగాడు. ఆయన కూడా తొమ్మిది గంటలు అదే బస్సులో, అటువైపు ఉద్యోగానికే పోతున్నాడు. ఇప్పటికి ఆమె చేతిలో ఏడు కాగితాలున్నాయి. అందులో ఒకటి పట్టికాయన పెదనాన్న కొడుకుది. ఆయనకు కంపెనీతో సంబంధం ఉన్నట్టా లేనట్టా అన్నది తేలాలి. ఆ మనిషిని వెతికి కాగితం రాయించింది పట్టికాయనేనట. ఆ మాట ఆయన పైకి ఒప్పుకోవడం లేదు, ఒప్పుకుంటే ఉద్యోగానికి ఎసరు.

ఇంకా పదమూడు కావాలి.

పదిన్నర కొండబస్సు ఎక్కినవాళ్లు మీలో కచ్చితంగా ఉన్నారు. పెళ్లిచూపులకో, ఆసుపత్రికో, పరీక్షకో, సరుకుకో ఎప్పుడో ఒకసారి ఎక్కే ఉంటారు. ఘాట్ రోడ్డులో కడుపులో తిప్పింది గుర్తుండే ఉంటుంది. ఒక తెల్లకాగితం తీసుకోండి. ఏ రోజు ఎక్కారో, ఎన్నింటికి దిగారో రెండు వాక్యాలు రాయండి. మీ పేరు, చిరునామా, సంతకం పెట్టండి. అందంగా రాయక్కర్లేదు, ఆమెను పొగడక్కర్లేదు, జాలి అసలే అక్కర్లేదు. టికెట్టు దొరికితే జతచేయండి, లేకపోయినా పంపండి. ఈ పత్రిక చిరునామాకు పదిహేనో తేదీలోగా చేరితే, ఇరవైలోగా ఆ బల్లమీద పెట్టే పూచీ మాది.

ఆ బస్సు ఎక్కే అవసరం ఎన్నడూ పడక, పైనుంచి నలభై నిమిషాల్లో దాటిపోయినవాళ్లు కూడా రాయొచ్చు. ఇంటి తలుపు తాళం వేసింది ఎన్నింటికి, అవతలి ఊళ్లో చెప్పులు విడిచింది ఎన్నింటికి? ఆ రెండూ రాసి పంపండి. మధ్యలో ఎగిరిందెంతసేపో ఆమెకు అక్కర్లేదు, అది పట్టికలో ఇదివరకే ఉంది.

కాగితం, పెన్ను తీయండి. తేదీ ఇరవై.